కెనడాలో ఉంటూ పీఆర్‌కి అప్లై చేయడం: మొదటి జీతం నుంచి కార్డు చేతికొచ్చేదాకా

కెనడాలో నలుగురు తెలుగువాళ్లు ఒకచోట చేరితే మాట ఎక్కడ మొదలైనా ఆగేది పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) స్కోర్ దగ్గరే. మీది ఎంత, ఈసారి కటాఫ్ ఎంత, వచ్చే డ్రా ఎప్పుడు. నేనూ రెండేళ్లు ఆ లెక్కల్లోనే పడి కొట్టుకున్నాను. తీరా ఇన్విటేషన్ వచ్చాక తెలిసింది, స్కోర్ గుమ్మం దాకానే తీసుకొస్తుందని. గడప దాటించేది కాగితాలు. ఫైల్ చూసే ఆఫీసర్‌కి మీ మొహం తెలియదు, మీ మేనేజర్‌కి మీరంటే ఎంత గౌరవమో తెలియదు. ఫారంలో రాసిన ప్రతి మాటకీ ఒక కాగితం ఉందా, ఆ కాగితం ఇంకో కాగితంతో తగువు పడకుండా ఉందా, ఇదే ఆయన చూసేది. ఆ కాగితాలు ఒక్క రోజులో పుట్టవు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచే పోగు చేసుకోవాలి. అందుకే ఇందులో స్కోర్ గురించి కొంచెం, ఫైల్ గురించి చాలా ఉంటుంది.

ఇది ముఖ్యంగా స్టడీ పర్మిట్ మీద వచ్చి చదువయ్యాక వర్క్ పర్మిట్ మీద పనిచేస్తున్నవాళ్లకీ, నేరుగా వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్లకీ. వాళ్లు ఎక్కువగా పట్టే దారి కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్, అంటే సీఈసీ. ఇది 2008లో మొదలైంది. 2015 జనవరి 1న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వచ్చాక అందులో కలిసింది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అంటే ఆన్‌లైన్‌లో ప్రొఫైల్ వేసిన అర్హులందరినీ పూల్ అనే జాబితాలో చేర్చి, వయసు, చదువు, భాష, అనుభవం లాంటివాటికి స్కోర్ ఇచ్చి, డ్రా తీసినప్పుడు కటాఫ్ దాటినవాళ్లకు పీఆర్‌కి అప్లై చేయమని ఇన్విటేషన్ పంపే పద్ధతి. క్యుబెక్‌లో స్థిరపడాలనుకునేవాళ్లకు మాత్రం ఈ దారి పనికిరాదు, ఆ ప్రావిన్స్ పద్ధతి వేరు.

మొదటి అడుగు: మీ పని లెక్కలోకి వస్తుందో లేదో చూసుకోండి

సీఈసీకి కావాల్సింది కెనడాలో ఏడాది నైపుణ్య ఉద్యోగం. ఏడాది అంటే గంటల్లో 1,560. అప్లై చేసే రోజు నుంచి వెనక్కి లెక్కేస్తే మూడేళ్ల లోపలే ఆ గంటలు పూర్తయి ఉండాలి. వారానికి 30 గంటల చొప్పున కడతారు. మీరు 50 గంటలు చేసినా 30గానే లెక్క, కాబట్టి ఓవర్‌టైమ్ చేసి ఏడాదిని ఎనిమిది నెలలకు కుదించలేరు. పార్ట్‌టైమ్‌గా వారానికి 15 గంటలు చేస్తే రెండేళ్లు పడుతుంది.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఫుల్‌టైమ్ విద్యార్థిగా ఉన్నప్పుడు చేసిన పని సీఈసీకి లెక్కలోకి రాదు, కోఆప్ (చదువులో భాగంగా చేసే ఉద్యోగం) అయినా సరే. సొంతంగా కాంట్రాక్టర్‌గా ఇన్‌వాయిస్ ఇచ్చి చేసిన పని కూడా రాదు. జీతంలో టాక్స్ పట్టుకుని, ఏడాది చివర్లో టీ4 (జీతం, పట్టుకున్న టాక్స్ చూపే పత్రం) ఇచ్చే ఉద్యోగమే ఏ తలనొప్పీ లేనిది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందే "నేను ఎంప్లాయీనా, కాంట్రాక్టర్‌నా" అని అడగండి. గంటకు మూడు డాలర్లు ఎక్కువిస్తారని కాంట్రాక్టర్‌గా చేరి, ఏడాది తర్వాత ఆ అనుభవం చెల్లదని తెలిసి తల పట్టుకున్నవాళ్లని నేను చూశాను.

పర్మిట్ లేని రోజుల్లో చేసిన పనీ చెల్లదు. చెల్లకపోవడమే కాదు, మీకే ఎదురు తిరుగుతుంది.

రెండో అడుగు: మీ ఎన్‌ఓసీ కోడ్ తేల్చుకోండి

కెనడాలో ప్రతి ఉద్యోగానికీ ఐదంకెల కోడ్ ఉంటుంది, దాన్నే ఎన్‌ఓసీ అంటారు. 2022 నవంబర్ 16 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 2021 వెర్షన్ వాడుతున్నారు. ఉద్యోగాలను టీర్ 0 నుంచి టీర్ 5 దాకా ఆరు స్థాయిలుగా విడగొట్టారు. సీఈసీకి 0, 1, 2, 3 పనికొస్తాయి. 4, 5 పనికిరావు. పెట్రోల్ బంక్‌లోనో స్టోర్‌లోనో క్యాషియర్‌గా చేస్తే లెక్కలోకి రాదు. అదే స్టోర్‌లో నిజంగా సూపర్‌వైజర్ పని, అంటే షిఫ్టులు వేయడం, కొత్తవాళ్లకు నేర్పడం, స్టాక్ చూసుకోవడం చేస్తుంటే 62010 కింద టీర్ 2 అవుతుంది. ట్రక్ డ్రైవర్లకి ఈ వెర్షన్‌లో మేలు జరిగింది, 73300 ఇప్పుడు టీర్ 3.

"నిజంగా" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. కోడ్‌ని నిర్ణయించేది విజిటింగ్ కార్డు మీది హోదా కాదు, చేసే పని. ఎన్‌ఓసీ సైట్‌లో ప్రతి కోడ్ కిందా ఒక చిన్న వివరణ, దాని కింద ముఖ్యమైన పనుల జాబితా ఉంటాయి. వివరణ మీ పనికి సరిపోవాలి, జాబితాలో చాలా భాగం మీరు చేస్తూ ఉండాలి. ఐటీవాళ్లకు ఇక్కడ ఓ చిన్న చిక్కు. 21231 సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లది, 21232 డెవలపర్లు, ప్రోగ్రామర్లది, 21234 వెబ్ డెవలపర్లది. మూడూ పక్కపక్క ఇళ్లలాంటివే. స్నేహితుడు ఏది పెట్టాడో చూసి పెట్టకుండా మూడింటి జాబితాలూ ముందేసుకుని, నిన్న మొన్న మీరు ఆఫీసులో చేసిన పనికి ఏది దగ్గరగా ఉందో చూడండి.

మూడో అడుగు: ఇంగ్లిష్ పరీక్ష, అందులో ఆ అర మార్కు

ఐఈఎల్‌టీఎస్ అయితే జనరల్ ట్రైనింగ్ రాయాలి. అకడమిక్ చెల్లదు. సెల్‌పిప్ జనరల్, 2024 జనవరి చివరి నుంచి పీటీఈ కోర్ కూడా ఒప్పుకుంటున్నారు. ఫలితం రెండేళ్లు చెల్లుతుంది. ప్రొఫైల్ వేసిన రోజే కాదు, పూర్తి అప్లికేషన్ పంపే రోజుకి కూడా గడువు మిగిలి ఉండాలి.

ఏ పరీక్ష మార్కులనైనా సీఎల్‌బీ అనే కెనడా భాషా కొలతలోకి మారుస్తారు. అర్హతకు టీర్ 0, 1 వాళ్లకు సీఎల్‌బీ 7, టీర్ 2, 3 వాళ్లకు సీఎల్‌బీ 5 చాలు. కానీ అర్హత వేరు, ఇన్విటేషన్ వేరు. స్కోర్ లెక్కలో అసలు మలుపు సీఎల్‌బీ 9 దగ్గర ఉంది. ఐఈఎల్‌టీఎస్‌లో అంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7. నాలుగూ దాటితేనే భాషను మీ చదువుతో, విదేశీ అనుభవంతో జోడించి ఇచ్చే పాయింట్లు పూర్తిగా వస్తాయి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. పెళ్లి కాని 28 ఏళ్ల మనిషి. ఇండియాలో నాలుగేళ్ల డిగ్రీ, అక్కడే రెండేళ్ల ఉద్యోగం, కెనడాలో ఏడాది పీజీ డిప్లొమా, ఏడాది ఉద్యోగం, నాలుగింటిలోనూ సీఎల్‌బీ 9. వయసుకి 110, చదువుకి 128, భాషకి 124, కెనడా ఉద్యోగానికి 40. జోడింపు పాయింట్లు 88, కెనడా చదువుకి అదనంగా 15. మొత్తం 505. ఇప్పుడు అదే మనిషికి రైటింగ్‌లో 7 బదులు 6.5 వచ్చిందనుకోండి. భాషలో 8 పోతాయి, జోడింపులో 12 పోతాయి, 485కి దిగుతాడు. అర మార్కుకి 20 పాయింట్లు. పరీక్ష ఫీజు మళ్లీ కట్టాలని బాధపడే ముందు ఈ 20 గుర్తు తెచ్చుకోండి. అదే మనిషి ఇంకో ఏడాది ఉద్యోగం చేస్తే, 30 నిండనంత వరకు, 530కి వెళ్తాడు.

ఫ్రెంచ్ గురించి కూడా చెప్పాలి. "ఈ వయసులో ఫ్రెంచ్ ఏంటండీ" అని నేనూ నవ్వాను. 2023లో కేటగిరీ డ్రాలు, అంటే ఫ్రెంచ్ వచ్చినవాళ్లలాంటి ఒక్కో వర్గానికి విడిగా తీసే డ్రాలు, మొదలయ్యాక ఆ నవ్వు ఆగిపోయింది. 2025లో సీఈసీ డ్రాలు ఎక్కువగా 510ల నుంచి 540ల మధ్య తిరుగుతుంటే, అదే ఏడాది మార్చిలో ఒక ఫ్రెంచ్ డ్రా 379 దగ్గర ఆగింది. నాలుగు విభాగాల్లో ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కి సీఎల్‌బీ లాంటి కొలత) 7 రావాలి, టెఫ్ కెనడాగానీ టీసీఎఫ్ కెనడాగానీ రాయాలి. రెండు నెలల్లో అయ్యే పని కాదు, ఏడాది కష్టపడాలి. స్కోర్ 470, 480 దగ్గర ఆగిపోయి చేతిలో రెండేళ్ల పర్మిట్ ఉన్నవాళ్లు ఆలోచించదగ్గ దారే.

నాలుగో అడుగు: ఈసీఏ, దాంతోపాటు మన పేర్ల గొడవ

ఇండియా డిగ్రీకి పాయింట్లు కావాలంటే ఈసీఏ ఉండాలి, అంటే ఆ డిగ్రీ కెనడాలో దేనికి సమానమో ఇమిగ్రేషన్ శాఖ గుర్తించిన సంస్థ ఇచ్చే రిపోర్ట్. అది ఐదేళ్లు చెల్లుతుంది. కెనడా డిగ్రీకి అక్కర్లేదు. యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు నేరుగా సంస్థకు వెళ్లడమే ఎక్కువ టైమ్ తినేస్తుంది. అక్కడ ఎవరైనా మనవాళ్లు యూనివర్సిటీ చుట్టూ రెండు మూడు సార్లు తిరగాల్సి రావచ్చు. కెనడాలో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే ఇది చేయించేసుకుంటే మంచిది.

ఇక పేర్లు. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, డిగ్రీలో చివర ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి రాసి ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉండి, పేరంతా రెండో గడిలో ఉంటుంది. అలాంటివాళ్లు ఫారంలో ఆ పేరు మొత్తాన్నీ ఇంటిపేరు గడిలో రాసి, రెండోది ఖాళీగా వదలాలి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్నవాళ్లు "వేరే పేర్లు వాడారా" అన్న ప్రశ్నకు అవునని రాసి పాత పేరు ఇవ్వాలి. ఏది ఏమైనా పాస్‌పోర్టులో ఉన్నదే ప్రమాణం. మిగతా కాగితాల్లో తేడా ఉంటే దాచకుండా ఒక పేజీ వివరణ లెటర్ రాసి జత చేయండి: ఫలానా సర్టిఫికెట్‌లో పేరు ఇలా ఉంది, అదీ ఇదీ నేనే, మా వైపు ఇంటిపేరు ముందు రాయడం అలవాటు అని. నా ఫైల్‌లో అలాంటి లెటర్లు మూడు ఉన్నాయి.

ఐదో అడుగు: ప్రొఫైల్ వేసి పూల్‌లోకి దిగడం

ఇది తేలిక. ఒక గంట పని. ప్రొఫైల్ పన్నెండు నెలలు ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ వేసుకోవాలి. స్కోర్ తక్కువగా ఉన్నా అర్హత రాగానే వేసేయండి. ఎందుకంటే ఒకే స్కోర్ మీద చాలామంది ఉన్నప్పుడు ముందు ప్రొఫైల్ వేసినవాళ్లను తీసుకుంటారు. అనవసరంగా పాత ప్రొఫైల్ తీసేసి కొత్తది వేస్తే ఆ తేదీ పోగొట్టుకుంటారు.

భార్యాభర్తలిద్దరూ ఉంటే ఇద్దరి పేర్ల మీదా లెక్క కట్టి చూడండి. ఇద్దరికీ అర్హత ఉంటే రెండు ప్రొఫైళ్లు కూడా వేయొచ్చు. మన ఇళ్లలో మగవాళ్ల పేరు మీద వేయడం ఒక అలవాటుగా నడుస్తోంది. ఆవిడకి వయసు తక్కువ, ఇంగ్లిష్ మార్కులు ఎక్కువ ఉండి స్కోర్ పాతిక ఎక్కువ వస్తున్నా ఆలోచించనివాళ్లు ఉన్నారు. ఇంకో చిట్కా కూడా తిరుగుతోంది: ఒకే ఇంట్లో ఉంటూనే భార్య తనతో పాటు పీఆర్ తీసుకోవడం లేదని పెట్టి పాయింట్లు పెంచుకోవడం. నిజంగా అదే మీ ఉద్దేశమైతే తప్పు లేదు. కానీ కేవలం పాయింట్ల కోసమైతే ప్రశ్నలు వస్తాయి, జవాబు చెప్పడం కష్టమవుతుంది. నేనైతే ఆ జోలికి పోను.

2025 మార్చి 25 నుంచి జాబ్ ఆఫర్‌కి ఇచ్చే 50, 200 పాయింట్లు తీసేశారు. ఇంకా ఎవరైనా "మా దగ్గర ఎల్‌ఎంఐఏ (విదేశీయుణ్ని పనిలో పెట్టుకోవడానికి కంపెనీ తెచ్చుకునే అనుమతి) ఉంది, స్కోర్ పెరుగుతుంది, ఇన్ని వేల డాలర్లు" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఉద్యోగాన్ని డబ్బిచ్చి కొనడం చట్టవిరుద్ధం. ఇప్పుడైతే స్కోర్‌కి లాభం కూడా లేదు. ప్రావిన్స్ నామినేషన్ దొరికితే మాత్రం 600 కలుస్తాయి, ఇన్విటేషన్ దాదాపు ఖాయం. మీరున్న ప్రావిన్స్ సైట్‌ని వారానికోసారి చూస్తూ ఉండండి.

ఆరో అడుగు: రిఫరెన్స్ లెటర్

ఫైల్ మొత్తానికి గుండెకాయ ఇదే. అందుకని కొంచెం నిదానంగా చెబుతాను.

హెచ్‌ఆర్ వాళ్లు మామూలుగా ఇచ్చే "ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుంచి మా దగ్గర పనిచేస్తున్నారు" అన్న రెండు లైన్ల లెటర్ చాలదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. కంపెనీ అడ్రస్, ఫోన్, ఈమెయిల్ ఉండాలి. సంతకం పెట్టినవాళ్ల పేరు, హోదా ఉండాలి. లోపల మీ పేరు, చేరిన తేదీ, ఎప్పటిదాకా చేశారు, ఏయే హోదాల్లో, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి జీతం ఎంత, ఇతర సౌకర్యాలు ఏమిటి, అన్నిటికంటే ముఖ్యంగా రోజూ మీరు చేసే పనులు ఏమిటి. ఒకే కంపెనీలో మధ్యలో ప్రమోషన్ వచ్చి ఉంటే పాత హోదా పనులు, కొత్త హోదా పనులు విడివిడిగా, తేదీలతో రాయించుకోండి.

పనులు ఎన్‌ఓసీ జాబితాకు దగ్గరగా ఉండాలి, కానీ అక్షరం పొల్లుపోకుండా దించితే ఆఫీసర్‌కి వెంటనే అనుమానం వస్తుంది. మీ మాటల్లో ముసాయిదా మీరే రాసి మేనేజర్‌కి పంపండి, ఆయన మార్చి సంతకం పెడతారు. నేను అలాగే చేశాను. మా హెచ్‌ఆర్ మొదట ఒప్పుకోలేదు, పాలసీ ప్రకారం పనుల వివరాలు ఇవ్వడం కుదరదన్నారు. పాత కంపెనీ ఒకటైతే మెయిల్‌కి జవాబే ఇవ్వలేదు. అలాంటప్పుడు దారి మూసుకుపోయినట్టు కాదు. హెచ్‌ఆర్ ఇచ్చిన మామూలు లెటర్, దానికి తోడు పనుల వివరాలతో మేనేజర్ సంతకం పెట్టిన లెటర్, ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, టీ4లు, టాక్స్ శాఖ పంపే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ అన్నీ కలిపి, పూర్తి లెటర్ ఎందుకు తేలేకపోయారో ఒక వివరణ రాసి పెట్టాలి. కంపెనీకి రాసిన మెయిళ్ల ప్రింట్లు కూడా జత చేయండి. మీరు అడిగారు, వాళ్లు ఇవ్వలేదు అన్నది కనిపించాలి.

ఇండియాలో చేసిన ఉద్యోగానికి పాయింట్లు అడుగుతుంటే దానికీ ఇదే స్థాయి లెటర్ కావాలి. ఐదేళ్ల క్రితం మానేసిన కంపెనీ నుంచి ఇప్పుడు తెచ్చుకోవడం ఎంత కష్టమో అడగకండి. ఏ ఉద్యోగం మానేసినా ఆఖరి రోజు రిలీవింగ్ లెటర్‌తో పాటే ఇదీ అడిగి తీసేసుకోండి. పే స్లిప్పులు ఆఫీస్ పోర్టల్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు, మీరు మానేసిన రోజే ఆ లాగిన్ పోతుంది. నెలనెలా మీ సొంత డ్రైవ్‌లో దాచుకోండి.

ఏడో అడుగు: ఇన్విటేషన్ వచ్చాక ఆ 60 రోజులు

ఇన్విటేషన్ వచ్చిన మెయిల్ చూసి కేక వేయండి, ఇంట్లో చెప్పండి, ఆ సాయంత్రం హాయిగా గడపండి. మర్నాటి నుంచి 60 రోజుల గడియారం నడుస్తుంది. ముందుగా చేయాల్సింది, ప్రొఫైల్‌లో పెట్టిన ప్రతి పాయింట్‌కీ రుజువు ఉందా అని ఇంకోసారి లెక్కేయడం. ఏదో ఒక అనుభవం తేలక స్కోర్ ఆ డ్రా కటాఫ్ కంటే కిందికి దిగితే ఇన్విటేషన్ వద్దనడమే మేలు. వద్దంటే మళ్లీ పూల్‌లోకి వెళ్తారు. అలాగే పంపితే తిరస్కరిస్తారు, కట్టిన ప్రాసెసింగ్ ఫీజు పోతుంది. ఇన్విటేషన్ తర్వాత పుట్టినరోజు వచ్చి వయసు పాయింట్లు తగ్గితే మాత్రం భయం లేదు, దాన్ని పట్టించుకోరు.

పోలీస్ సర్టిఫికెట్. గత పదేళ్లలో, 18 ఏళ్లు నిండాక, వరుసగా ఆరు నెలలు లేదా ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచీ తేవాలి. కెనడాది అక్కర్లేదు. వేరే దేశానిది మీరు అక్కడ చివరిసారి ఆరు నెలలు ఉన్న తర్వాత ఇచ్చినదై ఉండాలి. అందువల్ల ఇండియా నుంచి బయల్దేరే ముందు వీసా కోసం తెచ్చుకున్న పోలీస్ సర్టిఫికెట్ పనికిరాకపోవచ్చు. ఇక్కడ భారత కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే కేంద్రంలో కొత్తది పెట్టుకోవాలి. దీనికి వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. స్కోర్ కటాఫ్‌కి దగ్గరపడుతుంటే ఇన్విటేషన్ కోసం ఆగకుండా ముందే పెట్టేయండి. మధ్యలో నెల రోజులు ఇంటికి వెళ్లొచ్చినా అది చెడదు. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి వచ్చినవాళ్లు ఆయా దేశాలవి ఇంకా ముందు చూసుకోవాలి.

మెడికల్. 2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మెడికల్ ముందే చేయించుకుని ఆ రుజువుతో అప్లికేషన్ పంపాలి. మీ ఫ్యామిలీ డాక్టర్ చేస్తే చెల్లదు, ఇమిగ్రేషన్ శాఖ జాబితాలోని ప్యానెల్ డాక్టరే చేయాలి. రిపోర్ట్ ఆయనే నేరుగా పంపిస్తారు, మీ చేతికి ఒక షీట్ ఇస్తారు, దాన్ని అప్‌లోడ్ చేయాలి.

పదేళ్ల చరిత్ర. ఇది చూడ్డానికి చిన్న టేబులే, పాట్లు మాత్రం చాలా పెడుతుంది. గత పదేళ్లలో ఏ నెల ఎక్కడున్నారు, ఏం చేశారు, ఒక్క నెల ఖాళీ లేకుండా రాయాలి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్న నాలుగు నెలలు రాయడానికి మొహమాటపడతాం. ఆఫీసర్‌కి అది తప్పు కాదు, ఖాళీ వదిలేయడమే తప్పు. నిరుద్యోగిగా ఉన్నాను అని రాసేయండి. ప్రయాణాల పట్టికకు పాస్‌పోర్టు స్టాంపులు, టికెట్ మెయిళ్లు వెతికి తేదీలు సరిచూడండి. ఏ దేశానిదైనా వీసా ఎప్పుడైనా తిరస్కరించి ఉంటే తప్పకుండా చెప్పాలి. మనం మర్చిపోయినా రికార్డులు మర్చిపోవు. అబద్ధమని గానీ, దాచారని గానీ తేలితే ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 40 కింద ఐదేళ్ల నిషేధం పడుతుంది.

కుటుంబం. భార్య లేదా భర్త, పిల్లలు మీతో రాకపోయినా వాళ్ల పేర్లు రాయాలి, వాళ్లకీ మెడికల్ చేయించాలి. ఇప్పుడు రాయకపోతే తర్వాత వాళ్లను స్పాన్సర్ చేసే హక్కు పోవచ్చు. దీనికి సర్దుబాట్లు చాలా తక్కువ. ఇన్విటేషన్‌కీ పీఆర్‌కీ మధ్యలో పెళ్లి చేసుకుంటే వెంటనే తెలియజేయాలి. ముహూర్తాలు ఐఆర్‌సీసీని (ఇమిగ్రేషన్ శాఖని) చూసి రావు కదా, ఇది మన వాళ్లకు తరచూ ఎదురయ్యేదే.

తెలుగులో ఉన్న జనన, వివాహ పత్రాలకు ఇంగ్లిష్ అనువాదం కావాలి. మీరు గానీ మీ బంధువులు గానీ చేస్తే ఒప్పుకోరు. సర్టిఫైడ్ అనువాదకుడైనా ఉండాలి, లేదా అనువాదకుడి అఫిడవిట్ అయినా జత కావాలి.

డబ్బు రుజువు సీఈసీ వాళ్లకు అక్కర్లేదు. అయినా సిస్టమ్ ఒక్కోసారి ఆ గడి చూపిస్తుంది. కంగారు పడకుండా "నన్ను సీఈసీ కింద పిలిచారు, ఇది నాకు వర్తించదు" అని ఒక లెటర్ అక్కడ పెట్టండి.

ఎనిమిదో అడుగు: ఫీజు కట్టి పంపడం

2024 ఏప్రిల్ 30న పెట్టిన రేటు ప్రకారం ప్రధాన దరఖాస్తుదారుకి ప్రాసెసింగ్ ఫీజు 950 కెనడియన్ డాలర్లు, పీఆర్ హక్కు ఫీజు 575, మొత్తం 1,525. వేలిముద్రలు, ఫొటోకి మనిషికి 85, కుటుంబానికి గరిష్ఠంగా 170. ఫీజులు రెండేళ్లకోసారి ఏప్రిల్ 30న సవరిస్తారు కాబట్టి 2026 ఏప్రిల్ తర్వాత కట్టేవాళ్లు కొత్త రేటు చూసుకోవాలి. హక్కు ఫీజు తర్వాతైనా కట్టొచ్చు, కానీ ఇప్పుడే కట్టేస్తే చివర్లో ఫైల్ దానికోసం ఆగదు.

ఒక్కో గడిలో ఒక్క ఫైలే పడుతుంది. ఆ గడికి సంబంధించినవన్నీ ఒకే పీడీఎఫ్‌గా కలిపి, 4 ఎంబీ దాటకుండా కుదించి పెట్టండి. మొదటి పేజీలో లోపల ఏమున్నాయో రాస్తే చదివేవాళ్లకు హాయి. పంపే ముందు మొత్తం ఫైల్‌ని ఫారంలు బాగా చదివే స్నేహితుడి చేతికివ్వండి. మన తప్పు మన కళ్లకు కనపడదు. నేను ఒక ఉద్యోగం ముగింపు నెల ఫారంలో ఒకటి, లెటర్‌లో ఇంకొకటి రాశాను. నాలుగుసార్లు చదివినా పట్టుకోలేదు, స్నేహితుడు ఐదు నిమిషాల్లో పట్టుకున్నాడు.

కన్సల్టెంట్ అవసరమా అని అడుగుతారు. మామూలు సీఈసీ ఫైల్‌కి అక్కర్లేదని నా అభిప్రాయం. పాత తిరస్కరణ, పర్మిట్ తప్పిపోయిన రోజులు, కోర్టు కేసు లాంటివి ఉంటే మాత్రం డబ్బు పెట్టండి. పెట్టేముందు ఆ మనిషి లాయరో, లేదా కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ జాబితాలో లైసెన్స్ ఉన్న కన్సల్టెంటో చూసుకోండి. వాళ్లు నింపినా సంతకం మీది, తప్పుకి బాధ్యత మీది.

తొమ్మిదో అడుగు: ఎదురుచూపు, ఆగని పర్మిట్ గడియారం

ఐఆర్‌సీసీ పెట్టుకున్న ప్రమాణం ఆరు నెలలు. కొందరికి ముందే వస్తుంది, కొందరికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ దగ్గర ఆగుతుంది. ఈలోగా మర్చిపోకూడనిది మీ వర్క్ పర్మిట్ గడువు. పీఆర్ ఫైల్ వేసినంత మాత్రాన దేశంలో ఉండి పనిచేసే హక్కు రాదు. చదువు తర్వాత వచ్చే పర్మిట్‌ని మామూలుగా పొడిగించరు. అలాంటివాళ్లకు దిక్కు బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్. మీ పీఆర్ ఫైల్ పూర్తిగా ఉందని చూసి తీసుకున్నట్టు లెటర్ వచ్చాక, పాత పర్మిట్ ముగియకముందే దీనికి పెట్టాలి. ఫీజు 155, ఓపెన్ పర్మిట్‌కి ఇంకో 100. గడువుకి ముందే పెడితే నిర్ణయం వచ్చేదాకా పాత పర్మిట్ షరతులతో పని కొనసాగించొచ్చు, కాకపోతే దేశం దాటి వెళ్తే ఆ వెసులుబాటు చిక్కుల్లో పడుతుంది. పర్మిట్ ముగిసే తేదీకి నాలుగు నెలల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. పాస్‌పోర్టు గడువు కూడా చూడండి, పాస్‌పోర్టు ఎప్పటిదాకా ఉంటే పర్మిట్ అప్పటిదాకే ఇస్తారు.

మధ్యలో ఉద్యోగం మారినా, ఇల్లు మారినా, పాప పుట్టినా, పాస్‌పోర్టు కొత్తదొచ్చినా వెబ్ ఫారం ద్వారా చెప్పాలి. ఉద్యోగం పోతే పీఆర్ పోతుందేమోనని టెన్షన్ పడతారు. సీఈసీలో మీరు అడిగింది గడిచిన అనుభవానికి, అది అప్లై చేసే రోజుకే పూర్తయి ఉంది కాబట్టి ఆ ఒక్క కారణంతో ఫైల్ పడిపోదు.

నెలలు గడిచినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 5 డాలర్లు కట్టి ఆఫీసర్ రాసుకున్న నోట్స్ తెప్పించుకోవచ్చు. ఏ దశలో ఆగిందో అందులో తెలుస్తుంది. ఒకవేళ అనుమానం వ్యక్తం చేస్తూ వివరణ అడిగే ఉత్తరం వస్తే దాన్ని అన్నిటికంటే ముందు పెట్టండి, గడువు తక్కువ ఉంటుంది. గడువు చాలకపోతే ఎందుకో చెప్పి పొడిగింపు అడగండి. కోపంగా కాదు, కాగితాలతో జవాబివ్వండి.

పదో అడుగు: ఆ మెయిల్ వచ్చాక

పూర్వం పీఆర్ ఖాయం చేసుకోవడానికి బోర్డర్ దాకా వెళ్లి వచ్చేవాళ్లు. ఇప్పుడు దేశంలో ఉన్నవాళ్లకు ఆన్‌లైన్ పోర్టల్‌లోనే జరిగిపోతుంది. మీరు కెనడాలోనే ఉన్నారా అని అడుగుతారు, అడ్రస్, ఫొటో పెట్టమంటారు, కొన్ని రోజులకు కన్ఫర్మేషన్ పత్రం వస్తుంది. ఆ సమయంలో నిజంగా కెనడాలోనే ఉండాలి. కార్డు పోస్టులో తర్వాత వస్తుంది. కార్డు రాకముందు విమానం ఎక్కితే తిరిగి రావడానికి బయట వేరే ట్రావెల్ డాక్యుమెంట్ తీసుకోవాల్సి వస్తుంది, కాబట్టి ఇంటికి వెళ్లే టికెట్ కార్డు చేతికొచ్చాకే కొనండి.

కార్డు మామూలుగా ఐదేళ్లకిస్తారు. పీఆర్ నిలబడాలంటే ప్రతి ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలి. సిటిజన్‌షిప్‌కి ఐదేళ్లలో 1,095 రోజులు కావాలి. పీఆర్ రాకముందు పర్మిట్ మీద ఉన్న ప్రతి రోజునూ సగం రోజుగా కలుపుతారు, గరిష్ఠంగా 365 దాకా. అందుకే ప్రయాణాల పట్టికను పీఆర్ వచ్చిందని చెరిపేయకుండా అలాగే నింపుతూ ఉండండి.

కన్ఫర్మేషన్ పత్రం వచ్చిన వారంలోనే ఇంకో చిన్న పని. మీ సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబర్ 9తో మొదలవుతుంది, అది తాత్కాలికంగా ఉన్నవాళ్లకిచ్చేది. సర్వీస్ కెనడాలో కొత్తది తీసుకుని ఆఫీస్ పేరోల్‌కి, బ్యాంక్‌కి, టాక్స్ శాఖకి చెప్పండి. హెల్త్ కార్డు గడువు పాత పర్మిట్‌కి ముడిపడి ఉంటుంది, అదీ మార్పించుకోండి. నేను హెల్త్ కార్డు సంగతి మర్చిపోయాను. జ్వరంతో క్లినిక్‌కి వెళ్లినప్పుడు కౌంటర్‌లో ఆ అమ్మాయి గడువు అయిపోయిందని చెబితే, ఫోన్‌లో కన్ఫర్మేషన్ పత్రం తెరిచి చూపించాను. అది చూసి నవ్వి, డబ్బు కట్టించుకుని, కార్డు కొత్తదయ్యాక రీఫండ్‌కి రమ్మంది.